ఒంటి తాటిచెట్టును ఏడాది పొడవునా తీయడం: దూరం, లెన్స్, నీళ్లు, మంచు, చందమామ

1. గోదారిగట్టు

నమస్కారం అందరికీ. ఒకే చెట్టును ఏడాదంతా తీసి, నెలకొకటి చొప్పున పన్నెండు ఫొటోల వరస చేద్దామని ఆలోచన. చెట్టు ఒంటి తాడి. భీమవరం వైపు వరిచేల మధ్య గట్టు మీద ఉంది, సుమారు 20 మీటర్ల ఎత్తు. దానికి తూర్పున 400 మీటర్ల దూరంలో ఒక తోట, చెట్లు పది మీటర్లుంటాయి. ఉత్తరాన కరెంటు లైను. పడమర వైపు అర కిలోమీటరు అవతల కాలవ గట్టు. కెమెరా ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్), లెన్సులు 18-55, 55-250 ఎంఎం జూమ్‌లు.

ఎంత దూరం నుంచి తీస్తే బాగుంటుంది? ప్రతిసారీ ఒకేచోట నిలబడాలా, చుట్టూ తిరగొచ్చా? చందమామ సరిగ్గా చెట్టు తల వెనక వచ్చేలా నిలబడటానికి లెక్క ఏమైనా ఉందా?

2. ఎండనీడ

దూరం సంగతి కాగితం మీదే తేలిపోతుందండీ. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద రాసి ఉండే ఎంఎం అంకె) చెట్టు ఎత్తుతో గుణించి దూరంతో భాగిస్తే, సెన్సర్ మీద చెట్టు ఎంత ఎత్తు పడుతుందో వస్తుంది. 35 ఎంఎం × 20 ÷ 100 మీటర్లు = 7 ఎంఎం. మీ సెన్సర్ నిలువుగా పట్టుకుంటే 23.5 ఎంఎం, అంటే చెట్టు ఫ్రేమ్‌లో మూడో వంతు కన్నా కాస్త తక్కువ. అక్కడి నుంచే 55 ఎంఎం పెడితే 11 ఎంఎం, దాదాపు సగం. ఆకాశం ముఖ్యమైన రోజు మూడో వంతు, చెట్టు ముఖ్యమైన రోజు సగం అనుకోండి.

ఎత్తు "సుమారు 20" అన్నారు, ఒకసారి కొలవండి. మీటరు కర్రను నిలువుగా పాతి, దాని నీడనూ చెట్టు నీడనూ ఒకేసారి కొలిస్తే చాలు. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 16 మీటర్లు ఉంటే చెట్టు 20 మీటర్లు. చందమామ లెక్కకు ఈ అంకె కావాలి.

ఇంకోటి. తాటిచెట్టును దగ్గర నుంచి 18 ఎంఎంతో తల పైకెత్తి తీస్తే మొద్దు వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరాను సమంగా, అంటే ట్రైపాడ్ లెవెల్‌లోని రెండు బుడగలూ మధ్యలో ఉండేలా పెట్టి నిలువు ఫ్రేమ్‌లో తీయండి. అప్పుడు దిగంతం ఫ్రేమ్ మధ్యలో ఉంటుంది, పై సగంలోనే చెట్టు పట్టాలి. 18 ఎంఎంతో అలా పట్టాలంటే కనీసం 28 మీటర్లు, తల మీద కాస్త ఖాళీ కావాలంటే 35 మీటర్ల దూరం ఉండాలి. కింద మిగిలిన నేలను తర్వాత కత్తిరించుకోవచ్చు.

3. పిట్టగోడ

ఇంకా దూరం వెళ్తే చెట్టు ఇంకా ఒంటరిగా కనపడుతుంది కదండీ? వెనక తోట చిన్నదైపోతుంది.

4. ఎండనీడ

సరిగ్గా తిరగేసి జరుగుతుంది పిట్టగోడ గారూ. చదును నేల మీద దిగంతం చెట్టును ఎప్పుడూ కెమెరా ఎత్తు దగ్గరే కోస్తుంది, ఎంత దూరం నుంచి చూసినా. కెమెరా 1.5 మీటర్లలో ఉంటే మొద్దు మీద 1.5 మీటర్ల దగ్గర. తోట పైఅంచు మాత్రం మీరు వెనక్కి వెళ్లేకొద్దీ మొద్దు మీద పైకి పాకుతుంది. చెట్టుకు 100 మీటర్లలో నిలబడితే, ఇంకో 400 మీటర్ల అవతలున్న పది మీటర్ల తోట మొద్దును 3.2 మీటర్ల ఎత్తులో దాటుతుంది. 300 మీటర్లకు వెళ్తే 5.1 మీటర్లకు ఎగబాకుతుంది.

అందుకే చెట్టు ఆకాశంలోకి శుభ్రంగా లేవాలంటే దగ్గరికి రావాలి, కెమెరాను కిందికి దించాలి. రోజూ తీసే ఫ్రేమ్‌కు 60 నుంచి 100 మీటర్లు సరిపోతుంది. చందమామకు మాత్రం దూరం తప్పదు, దాని సంగతి పంచాంగం గారు చెబుతారు.

5. పాలమూరు_పొద్దు

అన్నా, నాదొక్క మాట. తాటిచెట్టు ఏడాదంతా ఒక్క తీరే ఉంటది. ఆకు రాలది, రంగు మారది. పన్నెండు నెలలు తీసినా పన్నెండు ఒక్క తీరు ఫొటోలే. నెలనెలా మార్పు కావాలంటే మోదుగ చెట్టు పట్టాలె. చలికాలం చివర్ల ఆకు రాలుస్తది, ఫిబ్రవరి, మార్చిల ఆకు లేకుంట మొత్తం ఎర్రగ పూస్తది, ఆ తర్వాత లేత ఆకు, వానకాలం ముదురు పచ్చ. మా దిక్కు గుట్టల పొంటి ఎన్ని కావాల్నంటే అన్ని. వరసకు అదే మంచిది.

6. మంచుతెర

మోదుగ బాగుంటుంది, కాదనను. కానీ మోదుగ వరసలో కథంతా ఆ పూల నెల చుట్టూనే తిరుగుతుంది. మార్చి ఫొటో ఒక్కటీ గోడకెక్కుతుంది, మిగతా పదకొండూ దానికి తోడు. తాడి మారదు కాబట్టే దాని చుట్టూ ఏం మారినా కంటికి తెలుస్తుంది. డెల్టాలో నేల మారినంతగా ఇంకెక్కడా మారదు. జూన్, జూలైల్లో కాలవలకు నీళ్లొచ్చాక దమ్ము చేసిన (నీళ్లు పెట్టి దున్నిన) బురద, ఆ వెంటనే ఊడ్పులు (నాట్లు), ఆగస్టు, సెప్టెంబరుల్లో గాఢమైన పచ్చ, నవంబరు నుంచి పండిన చేను, కోతలయ్యాక కొయ్యకాళ్లు, కుప్పలు. సంక్రాంతి ముందూ వెనకా దాళ్వా (రెండో పంట) నాట్లతో మళ్లీ నీళ్లు. ఏప్రిల్ కోతలయ్యాక పగుళ్లిచ్చిన నేల. ఏడాదిలో నీటి అద్దం రెండుసార్లు దొరికే చోటు ఇది.

చెట్టూ పూర్తిగా ఊరుకోదు. పోతు తాడికి పొడవాటి వేళ్లలాంటి పూగెలలు వేలాడతాయి, పెంటి తాడికి కాయలు. ఏప్రిల్, మే నెలల్లో ముంజెల గెలలు, వానల మధ్యలో నల్లబడ్డ పండ్లు. గీత కార్మికులు ఎక్కే చెట్టయితే కింది మట్టలు నరికి తల చిన్నదవుతుంది, కుండలు కనపడతాయి. ఎవరూ ఎక్కని చెట్టుకు ఎండుమట్టలు గౌనులా మొద్దు చుట్టూ వేలాడతాయి. మీది ఏదో ముందే చూసుకోండి. వరస మధ్యలో ఎవరైనా మట్టలు కొట్టేస్తే ఆకారం ఒక్కసారిగా మారిపోతుంది. చేను రైతును, చెట్టు ఎక్కేవారిని ముందే కలిసి కనుక్కోవడం అందుకూ అవసరమే. ఎలాగూ వాళ్ల గట్టు మీద నిలబడేది మనమే.

7. పాలమూరు_పొద్దు

సరే, డెల్టాకైతే ఒప్పుకుంటున్న. మెట్ట భూములల్ల ఉన్నోళ్లు మాత్రం మోదుగనే చూసుకోండ్రి. ఇంకొకటి, పొద్దున్నే తాటిచెట్టు కింద ట్రైపాడ్ పట్టుకొని నిలబడితే ఊళ్లె ఏమనుకుంటరో మీకు ఎరికే. అక్కడ పాలు తాగినా కల్లే అంటరు.

8. గోదారిగట్టు

మాది పెంటి తాడి, ఎండుమట్టలు చాలా ఉన్నాయి, ఎవరూ ఎక్కడం లేదు. నీళ్లలో ప్రతిబింబం గురించి కాస్త వివరంగా చెబుతారా? వరి నాటాక కూడా దొరుకుతుందా?

9. మంచుతెర

దమ్ము పూర్తయి, బురద కిందికి దిగి నీళ్లు తేటబడ్డ రోజు నుంచి ఊడ్పులయ్యాక రెండు మూడు వారాల వరకు దొరుకుతుంది. పిలకలు వేసి దుబ్బులు కమ్ముకున్నాక నీళ్లు కనపడవు. దమ్ము చేసిన రోజే వెళ్తే నీళ్లు కాఫీరంగులో ఉంటాయి, నురుగు కూడా. ప్రతిబింబం వస్తుంది గానీ మురికిగా ఉంటుంది. ఒకటి రెండు రోజులు ఆగాలి. మరీ ఆగితే ఊడ్పు మొదలైపోతుంది కాబట్టి రైతుతో మాట్లాడుతూ ఉండాలి.

ప్రతిబింబంలో చెట్టు తల ఎక్కడ పడుతుందో ముందే లెక్కేయొచ్చు. చెట్టు దూరాన్ని కెమెరా ఎత్తుతో గుణించి, చెట్టు ఎత్తు, కెమెరా ఎత్తు కలిపిన మొత్తంతో భాగించాలి. చెట్టు 100 మీటర్లలో, కెమెరా నీళ్ల నుంచి 1.5 మీటర్లలో ఉంటే, మీ ముందు 7 మీటర్ల దగ్గర తల ప్రతిబింబం పడుతుంది. ఆ చోట గట్టు ఉంటే తల తెగిపోతుంది, దుబ్బులుంటే ముక్కలవుతుంది. కెమెరాను 30 సెంటీమీటర్లకు దించితే అది ఒకటిన్నర మీటర్లకు వస్తుంది, అంటే మీ కాళ్ల ముందున్న ఒక్క మడి సరిపోతుంది. దించితే ఇంకో చిక్కు: నాటిన మొక్కలు ఒకదానిచాటున ఒకటి చేరి నీళ్లు కనపడకుండా పోతాయి. కాబట్టి నాట్లకు ముందు కిందికి, నాట్లయ్యాక గట్టు మీద నిలబడి పైనుంచి.

గాలి లేని వేళ తెల్లవారుజాము నుంచి పొద్దెక్కిన గంట వరకే. పోలరైజర్ (మెరుపును తగ్గించే, తిప్పే ఫిల్టర్) పెట్టారో, ప్రతిబింబమే చెరిగిపోతుంది. పెట్టితీరాలనుకుంటే తిప్పుతూ చూసి, ప్రతిబింబం బలంగా ఉన్నచోట ఆపండి. నీళ్లలో ఆకాశం అసలు కన్నా కొంచెం ముదురుగా పడటం సహజం. రెంటినీ ఎడిటింగ్‌లో సమానం చేస్తే చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది, వదిలేయండి.

గట్లు కొత్తగా చెక్కి మట్టి పెట్టినప్పుడు తొక్కితే గండి పడుతుంది. ట్రైపాడ్ కాళ్లు కూడా దిగబడతాయి, కింద పాత సీడీలో చెక్కముక్కలో వేయండి. చీకట్లో గట్ల మీద నడిచేటప్పుడు టార్చి, మోకాలి దాకా బూట్లు తప్పనిసరి. పాములు గట్టు బొరియల్లోనే ఉంటాయి.

10. రా_ఫైల్

ఒకేచోట నిలబడాలా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. వరసగా పక్కపక్కన పెట్టాలనుకుంటే నిలబడే చోటు మిల్లీమీటర్లలో కాకపోయినా జానెడు లోపు కలవాలి. ఎందుకంటే చెట్టు 60 మీటర్లలో, తోట 460 మీటర్లలో ఉన్నప్పుడు మీరు ఒక్క మీటరు పక్కకు జరిగితే, 35 ఎంఎం లెన్స్‌తో 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫ్రేమ్‌లో చెట్టు తోట మీద దాదాపు 130 పిక్సెళ్లు జరుగుతుంది. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. చెట్టును కలిపితే తోట తప్పుతుంది, తోటను కలిపితే చెట్టు తప్పుతుంది. ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి అది గట్టు దాకా తీసుకెళ్లడానికే.

మేకు పాతితే గట్టు చెక్కినప్పుడు పోతుంది. తూము మూల, కల్వర్టు రాయి లాంటి కదలనిది వెతికి, అక్కడి నుంచి టేపుతో కొలత రాసుకోండి. ఆ తర్వాత కంటితో కలపాలి: మొదటి ఫొటోలో మొద్దు ఎడమ అంచు తోటలో ఏ సందు దగ్గర పడిందో, కుడివైపు దగ్గరున్న ఏదైనా గుర్తు వెనకున్న దేనితో కలిసిందో, రెండు గుర్తులు పట్టుకోండి. మొదటి ఫొటోను ఫోన్‌లో ఉంచుకుని కెమెరా గ్రిడ్ గీతలతో పోల్చుకుంటే రెండు నిమిషాల పని.

ట్రైపాడ్ ఎత్తు కొలిచి రాసుకోండి. జూమ్ మధ్యలో ఉంచితే మళ్లీ అదే చోటుకు రాదు, రింగు మీద 35 అని ఉన్నా 33 కావొచ్చు, 37 కావొచ్చు. మీ 18-55లో రెండు చివరల్లో ఏదో ఒకటి వాడండి, 18 గానీ 55 గానీ. రా ఫార్మాట్ (కెమెరా మార్చని అసలు ఫైల్), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఎప్పుడూ 5200 కెల్విన్‌కే పెట్టేయండి. ఆటోలో ఉంచితే మంచు రోజు నీలాన్ని, పండిన చేను పసుపును కెమెరా తనకు తోచినట్టు తగ్గించేస్తుంది. అప్పుడు మార్పు చూపించాలన్న మీ వరస ఉద్దేశమే పోతుంది.

చుట్టూ తిరిగి తీసేవి వేరే ఫైల్‌లో పెట్టుకోండి. స్థిరమైన ఫ్రేమ్ నెలకొకటి, తిరుగుడు ఫొటోలు ఎన్నైనా.

11. పంచాంగం

చందమామ లెక్కకు వస్తాను. ఆకాశంలో చంద్రుడి వెడల్పు సుమారు అర డిగ్రీ. ఏ వస్తువైనా దాని వెడల్పుకు 110 రెట్ల దూరం నుంచి చూస్తే చంద్రుడంత కనపడుతుంది. మీ తాడి తల వెడల్పు 5 మీటర్లు అనుకుంటే 550 మీటర్లు. మీ కాలవ గట్టు దగ్గర దగ్గర అక్కడే ఉంది, అదృష్టవంతులు. సెన్సర్ మీద చంద్రుడి వెడల్పు కూడా అంతే, ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగించాలి. 250 ఎంఎంకు 2.3 ఎంఎం. మీ చెట్టు అదే ఫ్రేమ్‌లో 9 ఎంఎం. ఫ్రేమ్ అడ్డంగా పట్టుకుంటే ఎత్తు 15.6 ఎంఎం కాబట్టి హాయిగా పడుతుంది.

ఇప్పుడు ఎత్తు. తల మధ్య భాగం 18 మీటర్లలో ఉంటే 550 మీటర్ల నుంచి అది 1.7 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. యాప్‌లో ఇచ్చే చంద్రోదయ సమయం పైఅంచు దిగంతం తాకే క్షణానికి. అక్కడి నుంచి చంద్రుడి మధ్య భాగం 1.7 డిగ్రీలకు రావడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో చంద్రుడు నిటారుగా లేవడు. మన అక్షాంశంలో కుడివైపుకు వాలుతూ లేస్తాడు, అర డిగ్రీ పైనే జరుగుతాడు. 550 మీటర్ల దగ్గర అది ఐదారు మీటర్లు. ఉదయించే దిక్కు చూసి నిలబడిన చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ లెక్కన ఎడమకు ఐదారు మీటర్లు జరిగి నిలబడాలి. ఫొటోపిల్స్, స్టెల్లేరియం లాంటి ఆకాశం చూపే యాప్‌లలో ఉదయించే దిక్కు కాకుండా, 1.7 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పటి దిక్కు చూసుకుంటే ఈ తంటా ఉండదు.

తర్వాత, చంద్రుడు తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది. ట్రైపాడ్ ఎత్తి పక్కకు పరిగెత్తడానికి సిద్ధంగా ఉండండి. గట్టు నున్నగా ఉన్న వైపు ముందే చూసిపెట్టుకోండి.

చలికాలపు పౌర్ణమి ఈశాన్యం వైపు ఉదయిస్తుంది, ఎండాకాలపుది ఆగ్నేయం వైపు. అంటే జనవరిలో మీరు చెట్టుకు నైరుతిలో, మే, జూన్‌లో వాయవ్యంలో ఉండాలి. కాలవ గట్టు ఉత్తర దక్షిణాలుగా పోతుంటే ఏడాదిలో ఎక్కువ పౌర్ణములు దాని మీదే దొరుకుతాయి.

12. మంచుతెర

పౌర్ణమి రోజు కన్నా ముందు రోజు చతుర్దశి మంచిదని అందరూ అంటారు కదా, నేల మీద వెలుగు ఇంకా ఉంటుందని. అదీ రాసి ఉండాల్సింది.

13. పంచాంగం

చంద్రుడు పది డిగ్రీల ఎత్తులో కావాలంటే ఆ మాట నిజం. కొండ మీద గుడి, ఎత్తయిన గోపురం, అలాంటివాటికి. మనకు కావాల్సింది 1.7 డిగ్రీలు. చతుర్దశి నాడు చంద్రుడు సూర్యాస్తమయానికి సగటున 50 నిమిషాల ముందే లేస్తాడు. 1.7 డిగ్రీల దగ్గరున్నప్పుడు ఇంకా ఎండ కాస్తూ ఉంటుంది, పైగా దిగంతం దగ్గరి మసకలో తెల్లకాగితం ముక్కలా ఉండీ లేనట్టుంటాడు. పౌర్ణమి మర్నాడు 50 నిమిషాలు ఆలస్యం, చెట్టు నల్లగా, ఆకాశమూ నల్లగా. కాబట్టి చంద్రోదయం, సూర్యాస్తమయం రెండూ పావుగంట తేడాలో ఉన్న సాయంత్రమే ఎంచుకోండి. అది క్యాలెండరులో పౌర్ణమి అని అచ్చువేసిన రోజే కానక్కర్లేదు. సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి రోజుకు పేరు పడుతుంది, అసలు పౌర్ణమి ఘడియ ఆ ఉదయమే దాటిపోయి ఉండొచ్చు. గంటలు చూడండి, పేరు చూడకండి.

ఎక్స్‌పోజర్: ఐఎస్ఓ 200, ఎఫ్/8, 1/125 దగ్గర మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎలా పంచుకుందో చూపే గ్రాఫ్) చూస్తూ సర్దుకోండి. ఎత్తులో ఉన్న చంద్రుడికి చెప్పే ఎఫ్/11 సూత్రం (ఎఫ్/11లో షట్టర్ 1/ఐఎస్ఓ) ఇక్కడ పనికిరాదు, దిగంతం దగ్గర వెలుతురు రెండు నుంచి నాలుగు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం) తగ్గుతుంది. వెలుతురు పడిపోయినా షట్టర్ అర సెకను కన్నా ఎక్కువ పెట్టొద్దు, చంద్రుడి అంచు సాగుతుంది. ఫోకస్ చెట్టు మీద పెట్టండి. 250 ఎంఎం, ఎఫ్/8లో హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ గానీ అంతకన్నా అవతల గానీ ఫోకస్ పెడితే అనంత దూరం కూడా స్పష్టంగా వచ్చే దూరం) 390 మీటర్లు, చెట్టు 550లో ఉంది, చంద్రుడూ స్పష్టంగానే వస్తాడు. లెన్స్ స్టెబిలైజర్ ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

వేసవిలో ఎండిన నేల మీదుగా అర కిలోమీటరు చూస్తే వేడిసెగకు మొద్దు వంకరలు తిరుగుతుంది. దానికి మందు లేదు. చేలలో నీళ్లున్న నెలలే, అందులోనూ వాన కురిసి తెరిపిచ్చిన సాయంత్రమే దీనికి సరైనవి.

14. పిట్టగోడ

ఇదే పని సూర్యుడితో చేయొచ్చా? సైజు అదేగా.

15. పంచాంగం

సైజు అదే, ప్రమాదం వేరు. 250 ఎంఎం లెన్స్‌ను సూర్యుడి వైపు పెట్టి డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి చూస్తే కన్ను పోతుంది. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) కంటికి రక్షణ కాదు. లైవ్ వ్యూలోనే చూడాలి, అదీ సూర్యుడు దిగంతపు మసకలో ఎర్రటి బిళ్లలా మెత్తబడ్డాకే. మిర్రర్‌లెస్ కెమెరాలో లెన్స్ క్యాప్ తీసి సూర్యుడి వైపు వదిలేస్తే షట్టర్ పరదా, సెన్సర్ కాలే అవకాశం ఉంది. ఫ్రేమ్‌కు ఫ్రేమ్‌కు మధ్య క్యాప్ వేసేయండి.

16. గోదారిగట్టు

చాలా స్పష్టంగా ఉంది పంచాంగం గారూ, ధన్యవాదాలు. మంచు నెలల్లో ఏం జాగ్రత్తలు?

17. మంచుతెర

డెల్టాలో మంచు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిలిచిపోయి, నేల తడిగా ఉంటే మర్నాడు పట్టే అవకాశం ఎక్కువ. సాయంత్రం మబ్బుగా ఉన్నా, రాత్రి గాలి ఉన్నా ఆశ పెట్టుకోకండి. దాళ్వాకు నీళ్లు పెట్టిన చేల మీద ఇంకా బాగా పడుతుంది. పొద్దు పొడిచాక గంట, గంటన్నర, అంతే దాని ఆయుష్షు.

రెండు రకాల మంచు. దట్టమైనదైతే మీ స్థిరమైన చోటు నుంచి చెట్టు అసలు కనపడకపోవచ్చు. వరస కోసం ఆ ఫొటో కూడా తీయండి, తర్వాత 40 మీటర్లకు దగ్గరికెళ్లి ఇంకోటి. పల్చటి పొర నేలనంటి నడుము ఎత్తున ఉన్న రోజు మాత్రం వదలకండి, తాడి తల ఎండలో, మొద్దు మంచులో. ఆ రోజు కెమెరాను వీలైనంత పైకెత్తండి, కాలవ గట్టు ఎక్కినా సరే.

కెమెరా లైట్ మీటరును నమ్మితే మంచు బూడిదరంగులోకి పోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1.3. హిస్టోగ్రామ్ గుట్ట కుడివైపు మూడో వంతులో ఉండాలి, గోడకు తగలకూడదు. ఆటోఫోకస్ వెతుకులాడితే మొద్దు అంచు మీద మాన్యువల్‌గా పెట్టండి.

లెన్స్ మీద తేమ: ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరాను సంచి జిప్ తీయకుండా అరగంట అలాగే ఉంచండి. కోస్తాలో ఇది చలికాలం కన్నా మే, జూన్‌లోనే ఎక్కువ బాధ. హుడ్ పెట్టండి. తువ్వాలుతో తుడవకండి, నీరు పరుచుకుపోతుంది. పొడి మైక్రోఫైబర్ రెండు ముక్కలు, ఒకటి తడిస్తే ఇంకోటి. భోగి నాడు మాత్రం చూసుకోండి, మంచులో భోగిమంటల పొగ కలిసి అంతా పసుపుగా వస్తుంది. కొందరికి అదే ఇష్టం.

18. పాలమూరు_పొద్దు

గిజిగాడి గూళ్లు చూసుకున్నరా? వానకాలంల తాటిమట్టలకు గుత్తులు గుత్తులుగ కడ్తయి. ఎక్కువ తూర్పు దిక్కే, నైరుతి గాలి తగలకుంట. అంటే పొద్దుగాల ఎండ సీదా గూళ్ల మీదనే పడ్తది, తూర్పు నుంచి తీయాలె. కింద చేరి చప్పుడు చేయొద్దు, ఫోన్ల పిట్ట కూత పెట్టి పిలవొద్దు. గూళ్లు కట్టేటప్పుడు భయపడితే ఇడిచిపెట్టి పోతయి. 250తోని 40 మీటర్ల నుంచి సాలు.

ఇంకొకటి, ఉరుముల రోజు. ఖాళీ చేన్ల ఒంటి తాటిచెట్టు అంటే పిడుగుకు చీటీ రాసి పిలిచినట్టే. మెరుపు ఫొటో కావాల్నంటే కార్ల కూసొని, అద్దాలు ఎత్తుకొని, దూరం నుంచి. మెరుపుకు, ఉరుముకు నడుమ సెకన్లు లెక్కవెట్టి మూడుతోని భాగిస్తే కిలోమీటర్లు వస్తయి. ముప్పై సెకన్ల లోపుంటే ట్రైపాడ్ సర్దుకొని లోపటికి పోవాలె.

19. పంచాంగం

నక్షత్రాల గీతలు కూడా ఈ చెట్టుకు బాగా కుదురుతాయి. ధ్రువనక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే ఉంటుంది: భీమవరం, విజయవాడలకు 16.5 డిగ్రీలు, రాజమండ్రికి 17, హైదరాబాద్‌కు 17.4, తిరుపతికి 13.6. కాబట్టి తల సరిగ్గా ధ్రువనక్షత్రం మీద పడాలంటే, చెట్టుకు దక్షిణాన, మీ చోట 55 మీటర్లలో నిలబడి ఉత్తరానికి చూడాలి. తిరుపతిలో అదే ఎత్తు చెట్టుకు 68 మీటర్లు. 18 ఎంఎం అడ్డం ఫ్రేమ్‌లో చెట్టు 40 శాతం పైచిలుకు వస్తుంది, గీతలన్నీ తల చుట్టూ తిరుగుతాయి. 30 సెకన్లవి 120 తీస్తే గంట, 15 డిగ్రీల చాపం. ఫ్రేముల మధ్య ఒక సెకను మించితే గీతలు తెగుతాయి. ఎఫ్/3.5, ఐఎస్ఓ 800. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపండి, లేకపోతే ప్రతి ఫ్రేమ్ తర్వాత కెమెరా ఇంకో 30 సెకన్లు తనలో తాను కూర్చుంటుంది. ధ్రువనక్షత్రం మనకు తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి ఉత్తరాన ఊరు వెలుగులుంటే పోతుంది. మీకు ఆ వైపు కరెంటు లైను ఉంది, అదొక్కటే ఇబ్బంది.

20. పిట్టగోడ

ఫోన్‌తో తీసేవాళ్లకూ రెండు ముక్కలు. ఫోన్ హెచ్‌డీఆర్ తాటాకుల చుట్టూ తెల్లటి అంచు గీస్తుంది. తల మీద నొక్కి ఫోకస్ లాక్ చేసి, ఎక్స్‌పోజర్ గీతను కిందికి లాగితే అది తగ్గుతుంది. ఆకాశం కాలిపోదు, చెట్టు నల్లబడితే నల్లబడనీయండి. డిజిటల్ జూమ్ వద్దు, రెండో లెన్స్ ఉంటే అది. అల్ట్రావైడ్‌తో చెట్టును అంచున పెడితే మొద్దు వంగిపోతుంది, మధ్యలోనే ఉంచండి.

21. రా_ఫైల్

ఆ తెల్ల అంచు రా ఫైళ్లలోనూ వస్తుంది, అక్కడ చేసేది మనమే. సాఫ్ట్‌వేర్‌లో ఆకాశాన్ని ఆటోమేటిక్‌గా ఎంపిక చేసి ముదురు చేస్తే, తాటాకు విసనకర్రల చీలికల మధ్య ఉన్న చిన్నచిన్న ఆకాశపు ముక్కలు ఎంపికలో పడవు, తెల్లగా మిగిలిపోతాయి. వందశాతం జూమ్ చేసి తల చూడండి, తెలిసిపోతుంది. వెలుగు స్థాయిని బట్టి గానీ నీలాన్ని బట్టి గానీ మాస్క్ చేస్తే ఆ సందులు కూడా కలుస్తాయి. మసకను తగ్గించే క్లారిటీ, డీహేజ్ మీటల్ని మంచు ఫొటోల్లో ముట్టుకోకండి. ఆకుల కొనల దగ్గర ఊదారంగు కనిపిస్తే దాన్ని తీసే డీఫ్రింజ్ వాడండి, ఎఫ్/8కి దిగితే అసలే తగ్గుతుంది.

మబ్బుల్ని లాగి సాగదీయాలంటే పది స్టాపుల ఎన్‌డీతో 1/30 కాస్తా 34 సెకన్లవుతుంది. మొద్దు నిలుస్తుంది, మట్టలు గాలికి మసకవుతాయి. ఫిల్టర్ లేకుండా 1/250లో ఇంకోటి తీసి, తల వరకు దాంట్లోంచి తెచ్చి కలపండి. రెంటి మధ్య ట్రైపాడ్ కదలకూడదు, ఫిల్టర్ మరతో బిగించేది కాకుండా అయస్కాంతంది అయితే మేలు.

22. గోదారిగట్టు

కరెంటు లైను సంగతే మిగిలింది. ఎడిటింగ్‌లో తీసేయడం తప్పా?

23. ఎండనీడ

గోడకు పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. పోటీకి పంపేటట్టుంటే నియమాలు చదవండి, చాలాచోట్ల వస్తువులు తీసేస్తే తిరగ్గొడతారు. ముందు చోటుతోనే తప్పించే ప్రయత్నం చేయండి. స్తంభాన్ని మొద్దు వెనక దాచొచ్చు, ఒక అడుగు జరిగితే చాలు. తీగల్ని దాచలేం గానీ, తోటకు చెప్పిన లెక్కే వాటికీ వర్తిస్తుంది: చెట్టుకు దగ్గరయ్యేకొద్దీ తీగలు మొద్దు మీద కిందికి దిగుతాయి. 35 మీటర్లకు వస్తే పైనున్న తలంతా శుభ్రంగా మిగులుతుంది.

మీ స్థిరమైన ఫ్రేమ్ మాత్రం పడమర నుంచి తూర్పుకు చూసేలా పెట్టుకోండి. లైను అసలు ఫ్రేమ్‌లోకి రాదు, పొద్దున మంచు వెనకనుంచి వెలుగుతుంది, సాయంత్రం ఎండ నేరుగా మొద్దు మీద పడుతుంది. మొదటి ఫొటో జూన్‌లో కాలవకు నీళ్లు వదలక ముందే, ఎండిన నేలతో తీసిపెట్టుకోండి. దమ్ము మొదలయ్యాక ఆ నేల మళ్లీ ఏప్రిల్ దాకా దొరకదు.